నాలుగు రోజుల డ్యూటీకి పైలట్ ట్రాలీ: కొనడం, సర్దడం, కాపాడుకోవడం

డ్యూటీ పట్టికలో, అంటే రోస్టర్‌లో, నాలుగు రోజుల పెయిరింగ్ (వరుసగా నడపాల్సిన ఫ్లైట్ల కట్ట) పడిందనుకోండి. మొదటి రాత్రి ఢిల్లీ, రెండో రాత్రి గువాహటి, మూడో రాత్రి కొచ్చి, నాలుగో రోజు సాయంత్రానికి మళ్ళీ శంషాబాద్. నెల జనవరి. తెల్లవారుజామున ఢిల్లీలో విమానం చుట్టూ తిరిగి చూసే వాక్ అరౌండ్‌కి దిగితే ఐదారు డిగ్రీల చలి. రెండు రోజులు తిరక్కుండా కొచ్చిలో చొక్కా వీపుకి అంటుకుపోయే ఉక్క. రెండు చోట్లకీ పనికొచ్చే బట్టలు, రోజూ మడత నలగని యూనిఫాం, పైలట్‌గా కూర్చోవడానికి కావలసిన కాగితాలు, ట్యాబ్లెట్, హెడ్‌సెట్ అన్నీ మీరు ఒక్కరే మోయగలిగే రెండు సంచుల్లో, అంటే చక్రాల ట్రాలీలోనూ చేతిలో ఉండే ఫ్లైట్ బ్యాగులోనూ ఇమడాలి.

ఎ320, బోయింగ్ 737, ఏటీఆర్ లాంటివి నడుపుతూ హైదరాబాద్ బేస్‌లో చేరిన ఫస్ట్ ఆఫీసర్లకి (కో పైలట్లకి) ఉపయోగపడేలా ఈ వివరాలు రాశాం. వారం పాటు విదేశాల్లో తిరిగే పెద్ద విమానాల వాళ్ళకి లెక్కలు కొంచెం మారతాయి గానీ పద్ధతి ఇదే.

రెండు సంచుల మధ్య గీత

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఏ వస్తువు ఏ సంచిలో ఉండాలన్నది. దానికి ఒకటే పరీక్ష. ట్రాలీ ఈ రాత్రి మీతో పాటు హోటల్‌కి రాలేదనుకోండి. రేపు పొద్దున డ్యూటీకి వెళ్ళగలరా? వెళ్ళగలిగితే సర్దుడు సరిగ్గా ఉన్నట్టు. చొక్కా మాసిందే వేసుకోవచ్చు, టూత్‌బ్రష్ హోటల్ వాళ్ళు ఇస్తారు. లైసెన్సు మాత్రం ఎవరూ ఇవ్వరు.

ట్రాలీ ఎందుకు దూరమవుతుందంటే దారులు చాలా ఉన్నాయి. ఏటీఆర్ 72లో తలపైన అరలు చిన్నవి, మామూలు క్యాబిన్ ట్రాలీ పట్టదు, కార్గోలోకి పోతుంది. ప్రయాణికుల సీట్లో డెడ్‌హెడ్ వెళ్ళే రోజు ఫ్లైట్ నిండిపోతే అరల్లో చోటుండదు, దాన్ని కిందకి పంపమంటారు. ఇరవై నిమిషాల్లో ఇంకో విమానంలోకి మారాల్సి వస్తే వెనక అరలో పెట్టిన ట్రాలీ గుర్తుకు రాదు. వీటన్నిటికంటే ఎక్కువగా జరిగేది క్రూ బస్సులో తారుమారు. ఆరుగురివీ ఒకే రకం నల్ల ట్రాలీలు. నిద్రమత్తులో ఎవరిదో లాక్కెళ్తారు.

కాబట్టి లైసెన్సు, మెడికల్ సర్టిఫికెట్, రేడియో లైసెన్సు, పాస్‌పోర్టు, ఎయిర్‌పోర్ట్ ఎంట్రీ పాస్, కంపెనీ ఐడీ, ట్యాబ్లెట్, దాని చార్జర్, హెడ్‌సెట్, టార్చి, మెరిసే జాకెట్, రోజూ వేసుకునే మందులు, ఫోను చార్జర్, ఒక జత లోదుస్తులు, ఒక జత సాక్సు ఫ్లైట్ బ్యాగులో ఉండాలి. కళ్ళద్దాలు పెట్టుకునే వాళ్ళకైతే రెండో జత కూడా. మెడికల్‌లో కళ్ళద్దాల షరతు ఉంటే అదనపు జత చేతికందేలా వెంట ఉండాలన్నది నియమం, ముందు జాగ్రత్త మాత్రమే కాదు. ఆ రెండో జత ట్రాలీలో సాక్సుల మధ్య ఉంటే నియమం పాటించినట్టు కాదు.

ట్రాలీ ఎలా ఎంచుకోవాలి

ఈ రోజు ప్రపంచమంతా లాక్కెళ్తున్న రెండు చక్రాల నిలువు పెట్టె అసలు పైలట్ల అవసరం కోసం పుట్టిందే. చక్రాల సూట్‌కేసుకి బెర్నార్డ్ శాడో 1972లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నాడు. అయితే దాన్ని పడుకోబెట్టి, పట్టీతో కుక్కపిల్లలా లాగాలి, మలుపులో పడిపోయేది. నార్త్‌వెస్ట్ ఎయిర్‌లైన్స్‌లో 747 నడిపిన రాబర్ట్ ప్లాత్ 1987లో పెట్టెను నిలబెట్టి, అడుగున రెండు చక్రాలు, పైకి లాగే గట్టి హ్యాండిల్ పెట్టాడు. మొదట తోటి క్రూకే అమ్మాడు. వాళ్ళ చేతుల్లో చూసి ప్రయాణికులు అడగడం మొదలుపెట్టారు. ట్రావెల్‌ప్రో కంపెనీ అలా వచ్చింది.

నాలుగు చక్రాల స్పిన్నర్ దుకాణంలో నున్నటి గచ్చు మీద వేలితో తోస్తే పోతుంది, మనసు దాని మీదకే లాగుతుంది. పైలట్ పనికి అది వద్దు. ఏరోబ్రిడ్జి ఏటవాలుగా ఉంటుంది, వదిలితే దొర్లిపోతుంది. క్రూ బస్సు బ్రేకు వేసినప్పుడల్లా అటూ ఇటూ తిరిగి మోకాళ్ళకి తగులుతుంది. ఆ చక్రాలు పెట్టె బయటకి పొడుచుకుని ఉంటాయి కాబట్టి సుమారు ఐదు సెంటీమీటర్ల ఎత్తు వాటికే పోతుంది. విమానాలు నిలిపే రాంప్ మీద గతుకుల్లో లాగితే తిరిగే ఇరుసు దగ్గర విరుగుతుంది. రెండు చక్రాల దానిలో చక్రం సగం పెట్టెలోకి దిగి ఉంటుంది, వంచి లాగితే పెద్ద గతుకు కూడా దాటుతుంది, నిలబెడితే కదలదు.

చక్రాలు చూసేటప్పుడు మూడు విషయాలు గమనించండి. వ్యాసం 70 మిల్లీమీటర్ల పైన ఉండాలి, చిన్న చక్రం టైల్సు సందుల్లో టకటకలాడుతుంది. గట్టి ప్లాస్టిక్ కాకుండా స్కేటింగ్ చక్రాల్లా యూరెథేన్‌ది ఉండాలి, గోరుతో నొక్కితే కొద్దిగా ఒదుగుతుంది. చక్రం స్క్రూలతో బిగించి ఉండాలి, రివెట్లతో కాదు. రివెట్ వేసిన చక్రం అరిగితే పెట్టే పారేయాలి. స్క్రూ ఉంటే అలెన్ కీతో పది నిమిషాల్లో కొత్తది వేసుకోవచ్చు. లోపల 608 బేరింగ్ ఉంటే ఇంకా మంచిది. అది స్కేటు చక్రాల్లో వాడేదే, 8 మిల్లీమీటర్ల ఇరుసు మీద 22 మిల్లీమీటర్ల బేరింగ్, బేరింగుల దుకాణాల్లో మామూలుగా దొరుకుతుంది.

కొలత చక్రాలూ హ్యాండిలూ కలిపి 55 సెంటీమీటర్ల ఎత్తు, 35 వెడల్పు, 23 నుంచి 25 లోతు. చీటీ మీద రాసిన కొలత చాలాసార్లు చక్రాలు తీసేసి చెప్పింది. టేపు వెంట తీసుకెళ్ళి కొలవండి. లోతు పెంచే అదనపు జిప్ ఉన్నవి కొనొచ్చు గానీ ఆ జిప్ విప్పిన రోజే ట్రాలీ అరలో పట్టదు. దాన్ని లేనట్టే అనుకోవాలి.

పాలీకార్బొనేట్ గుల్ల పెట్టె తేలిక, వానకి తడవదు. కానీ మధ్యకి రెండుగా తెరుచుకుంటుంది. చిన్న హోటల్ గదిలో రెండు రెక్కలూ పరచడానికి చోటుండదు, పైగా బయట ఒక్క జేబూ ఉండదు. జాకెట్ తీయాలంటే మొత్తం విప్పాలి. రోజూ వాడే వాళ్ళకి గుడ్డ పెట్టె నయం. బాలిస్టిక్ నైలాన్, అందులో 1680 డెనియర్ (దారం మందం కొలత) అని రాసి ఉన్నది సిమెంటు గోడకి రాసుకున్నా చిరగదు. మామూలు పాలియెస్టర్ మూలల దగ్గర ఏడాదిలో తెల్లబడి దారాలు వస్తాయి.

అమెరికా పైలట్లలో లోహపు చట్రం ఉన్న ట్రాలీలకి పేరుంది. లగేజ్ వర్క్స్ వాళ్ళ స్టెల్త్, ప్యూర్డీ నీట్ అలాంటివే. ఏళ్ళ తరబడి ఉంటాయి, ప్రతి భాగం మార్చుకోవచ్చు. అయితే ఖాళీదే నాలుగు కిలోల పైన తూగుతుంది. రోజుకి నాలుగు సెక్టార్లు (ఒక్కో ఫ్లైట్ ఒక సెక్టారు) చేస్తూ, బస్సులోకి, అరలోకి, స్కానర్ బెల్టు మీదకి దాన్ని పదిసార్లు ఎత్తే వాళ్ళకి ఆ అదనపు కిలో నడుం మీద పడుతుంది. చక్రం పోతే విడిభాగం సముద్రం దాటి రావాలి. మన దేశంలో తిరిగే వాళ్ళకి మా మాట ఏమిటంటే, ఖాళీగా 3 నుంచి 3.5 కిలోలుండే గుడ్డ ట్రాలీ, మీ ఊళ్ళో సర్వీస్ సెంటర్ ఉన్న కంపెనీది, చాలు.

హ్యాండిల్ చూడకుండా కొనకండి. పూర్తిగా లాగి పక్కకి ఊపండి, రెండు గొట్టాలూ లొడలొడలాడితే ఆరు నెలల్లో ఇరుక్కుంటాయి. ట్రాలీలో పదికిలోల బరువు పెట్టి నడిచి చూడాలి. దుకాణంలో ఇంకో చిన్న పెట్టె అందులో పెట్టించుకోండి, వాళ్ళేమీ అనుకోరు. మడమ చక్రానికి తగులుతోందంటే మీ ఎత్తుకి ఆ హ్యాండిల్ పొట్టిది. పైన, పక్కన ఉండే పట్టుకునే పిడులు గుడ్డకి కుట్టినవి కాకుండా చట్రానికి రివెట్ చేసి ఉండాలి. మెట్లెక్కేటప్పుడు బరువంతా వాటి మీదే పడుతుంది.

ముందువైపు కొక్కెం ఉన్నది తీసుకోండి, లేదా పట్టీతో విడిగా కొనండి. ఫ్లైట్ బ్యాగుని దానికి తగిలిస్తే ఒక చేయి ఖాళీగా ఉంటుంది. ఫ్లైట్ బ్యాగు ఐదు కిలోలు దాటితే మాత్రం ట్రాలీ నిలబెట్టగానే ముందుకి బోర్లాపడుతుంది. ట్యాబ్లెట్ అద్దాలు పగిలేది ఎక్కువగా ఇలాగే. ఆగిన వెంటనే కొక్కెం నుంచి తీసి కింద పెట్టడం చేతికి అలవాటు కావాలి.

ఫ్లైట్ బ్యాగు

కాగితపు మాన్యువళ్ళు మోసిన రోజుల్లో ఈ సంచి గట్టి తోలుపెట్టెలా ఉండేది. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 2013లో వాటి స్థానంలో ఐప్యాడ్‌లు పెట్టినప్పుడు ఒక్కో పైలట్‌కి సుమారు 16 కిలోల బరువు తగ్గింది. ఇప్పుడు అంత పెద్ద సంచి కొంటే ఖాళీ చోటు చూసి చెత్త పోగవుతుంది, అంతే. ల్యాప్‌టాప్ సంచి కంటే కాస్త లోతుగా, కింద పెడితే తనంతట తాను నిలబడేది, పైనుంచి తెరుచుకునేది సరిపోతుంది. కాక్‌పిట్‌లో సీటు పక్కనున్న చోటు ఇరుకు. పక్కకి పడుకోబెట్టి తెరిచే సంచి అక్కడ పనికిరాదు. వీపు సంచి మోయడానికి సుఖం గానీ యూనిఫాం చొక్కా వెనక చెమట మరకలు, భుజాల మీద హోదా చూపే ఎపాలెట్లు వంగిపోవడం దాని వల్లే.

ప్రతి వస్తువుకీ ఒకే జేబు, ఎప్పటికీ అదే జేబు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, లైసెన్సు సంచిలోనే ఉండి రిపోర్టింగ్ కౌంటర్ దగ్గర దొరక్కపోవడం కొత్తవాళ్ళకి చాలా మామూలు. కాగితాలన్నీ జిప్ ఉన్న ఒకే పలచని పౌచ్‌లో పెట్టి, ఫోటోలు ఫోనులో దాచండి. అసలు కాగితానికి అవి ప్రత్యామ్నాయం కావు. పోతే ఫిర్యాదు రాయడానికి నంబర్లు చేతిలో ఉంటాయి.

చలువ అద్దాలు పోలరైజ్డ్‌వి కొనకూడదు. కాక్‌పిట్ తెరల మీద వెలుగు వాటి గుండా చూస్తే తల వంచే కోణాన్ని బట్టి నల్లబడిపోతుంది. ఎండకి తనంతట తాను రంగు మారే అద్దాలు కూడా దండగే. విండ్‌షీల్డ్ అతినీలలోహిత కిరణాలని చాలావరకు ఆపేస్తుంది కాబట్టి అవి లోపల సరిగా నల్లబడవు. మామూలు బూడిద రంగు అద్దాలు, సన్నటి కాడలు ఉన్నవి కావాలి. లావు కాడలుంటే హెడ్‌సెట్ కుషన్ కింద సందు ఏర్పడి చప్పుడు లోపలికి వస్తుంది, రెండు గంటలకి కణతలు నొప్పెడతాయి.

ఇంక్ పెన్ను ఇంట్లో పెట్టండి. క్యాబిన్ పీడనం తగ్గినప్పుడు లోపలి గాలి వ్యాకోచించి సిరా కక్కుతుంది, అదీ తెల్ల చొక్కా జేబులో. బాల్ పెన్నులు రెండు.

పవర్ బ్యాంకు ఎప్పుడూ ఫ్లైట్ బ్యాగులోనే. విడి లిథియం బ్యాటరీ కార్గోలోకి వెళ్ళకూడదు, ఏటీఆర్ హోల్డులోకి వెళ్ళే మీ ట్రాలీకీ అదే నియమం. 100 వాట్ అవర్ల లోపు ఉంటే మామూలుగా తీసుకెళ్ళొచ్చు, 100 నుంచి 160 మధ్య ఉంటే ఎయిర్‌లైన్ అనుమతి కావాలి. లెక్క సులువు: దాని మీద రాసిన ఎంఏహెచ్ అంకెని వెయ్యితో భాగించి 3.7తో గుణించాలి. 20,000ది 74 వాట్ అవర్లు, ఇబ్బంది లేదు. 30,000ది 111, ఆగిపోతారు. దాని మీద అచ్చు అరిగిపోయి సామర్థ్యం చదవడానికి రాకపోతే చిన్నదాన్ని కూడా సందేహిస్తారు, కాబట్టి అక్షరాల మీద పారదర్శక టేపు అతికించండి.

ఎన్ని జతలు

యూనిఫాం చొక్కాలు రోజుల సంఖ్యకి ఒకటి కలిపి. నాలుగు రోజులకి ఐదు, అందులో ఒకటి ఒంటి మీద. ఆ ఒక్కటీ ఎందుకంటే డిసెంబరు, జనవరి పొగమంచులో ఢిల్లీలో దిగాల్సింది జైపూర్‌లోనో లక్నోలోనో దిగి, అక్కడే రాత్రి గడపడం ఉంటుంది. 2025 డిసెంబరు మొదటి వారంలో డ్యూటీ సమయాల కొత్త నిబంధనల సర్దుబాటు కుదరక వేల ఫ్లైట్లు రద్దయినప్పుడు రోస్టర్ మీద రాసిన తిరుగు తేదీకి విలువ ఎంతో అందరికీ తెలిసింది. ప్యాంట్లు రెండు, ఒకటి ఒంటి మీద. టై రెండు. రెండోది చుట్టి ఫ్లైట్ బ్యాగులో పెట్టండి, ఎందుకంటే కాఫీ ఒలికేది కాక్‌పిట్‌లో. ఎపాలెట్లు ఒక జత అదనం. సాక్సులు నల్లవి ఐదు జతలు. లోదుస్తులు ఆరు, అందులో ఒకటి ఫ్లైట్ బ్యాగులోది.

చొక్కాలు వందశాతం కాటన్‌వి కుట్టించుకుంటే ఒంటికి హాయి, కానీ రెండో సెక్టారుకే ముడతలు. 65 శాతం పాలియెస్టర్, 35 శాతం కాటన్ కలిసిన టెరికాట్ నాలుగు రోజుల ట్రిప్పుకి సరైనది. బనియను మాత్రం కాటన్‌దే ఉండాలి. తెల్ల చొక్కా కింద తెల్ల బనియను గీతలా కనిపిస్తుంది, లేత బూడిద రంగుది కనిపించదు. చలికాలం ట్రిప్పుకి పలచని థర్మల్ పైదీ కిందదీ ఒక జత చాలు. లావు స్వెట్టర్ కంటే అది తక్కువ చోటు పడుతుంది, పైన యూనిఫాం జాకెట్ ఎటూ ఉంటుంది. జాకెట్‌ని పెట్టెలో సర్దకండి, చేతి మీదే ఉండనివ్వండి.

సొంత బట్టలు ఒక ప్యాంటు, రెండు టీషర్టులు, జిమ్‌కీ నిద్రకీ ఒక షార్ట్సు. ఒక కాటన్ లుంగీ ఎవరూ జాబితాల్లో రాయరు. పడుకోవడానికి, స్నానం తర్వాత తువ్వాలుగా, తలుపు సందులోంచి వచ్చే కారిడార్ వెలుగుకి అడ్డంగా, పెట్టెలో చొక్కాల చుట్టూ కప్పుగా ఒక్కటే పనికొస్తుంది. బూట్లు పెట్టెలో వద్దు, కాళ్ళకున్నవి యూనిఫాం బూట్లు, లోపల రబ్బరు చెప్పులు. రోజూ పరిగెత్తే అలవాటున్న వాళ్ళు తేలికపాటి బూట్లు పెట్టుకోవచ్చు, వాటి లోపల సాక్సులు కూరాలి.

సబ్బులూ మందులూ: బ్రెత్ ఎనలైజర్ గుర్తుంచుకుని

ఇక్కడ తప్పు చేస్తే బట్టలు నలిగే సంగతి కాదు, ఉద్యోగం సంగతి. మన దేశంలో ఫ్లైట్‌కి 12 గంటల లోపు మద్యం ముట్టకూడదు, డ్యూటీ మొదట్లో బ్రెత్ ఎనలైజర్ ఊదాలి, రీడింగ్ సున్నా రావాలి. మొదటిసారి పాజిటివ్ తేలితే లైసెన్సు మూడు నెలలు సస్పెండ్, రెండోసారి మూడేళ్ళు. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్, టూత్ జెల్, మందులు వాడకూడదని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనలోనే రాసి ఉంది. కాబట్టి మౌత్‌వాష్ సీసా వెనక చిన్న అక్షరాలు చదివి, ఆల్కహాల్ లేనిదే సర్దండి, లేదా అసలు మానేయండి.

మన ఇళ్ళలో తరచూ మరిచిపోయేది ఇంకొకటుంది. అజీర్తికి, నీరసానికి అమ్మో అత్తగారో ఇచ్చి పంపే ఆయుర్వేద సీసా. పేరు చివర ఆసవం, అరిష్టం అని ఉంటే అది పులియబెట్టి చేసింది. ద్రాక్షాసవం, దశమూలారిష్టం లాంటివాటిలో పులియడం వల్ల పుట్టిన ఆల్కహాల్ ఉంటుంది, పన్నెండు శాతం దాకా కూడా. హోమియో చుక్కల మందు ఆల్కహాల్‌లోనే కలుపుతారు. కొన్ని దగ్గు సిరప్పుల్లోనూ ఉంటుంది. ఇవేవీ ట్రాలీలో ఉండకూడదు. శానిటైజర్ రాసుకున్న చేతులు పూర్తిగా ఆరకముందే పరికరం పట్టుకోవడం కూడా ఇబ్బంది తెస్తుంది, చేతులు సబ్బుతో కడుక్కుని వెళ్ళండి.

జలుబు మాత్రల్లో నిద్ర తెప్పించేవి ఎక్కువ. ఏ మందైనా డ్యూటీ రోజుల్లో వాడొచ్చా అని కంపెనీ డాక్టరుని ముందే అడిగి, ఆయన ఒప్పుకున్నవే అసలు అట్టలతో సహా పెట్టుకోండి. అట్ట లేని విడి మాత్రలు విదేశంలో కస్టమ్స్ దగ్గర సంజాయిషీ అడిగిస్తాయి. కోడీన్, ట్రమడాల్ లాంటివి గల్ఫ్ దేశాల్లో గట్టి నియంత్రణలో ఉన్నాయి, దుబాయ్ ట్రిప్పుకి తీసుకెళ్ళొద్దు. ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు మాత్రం ఎప్పుడూ ఉండాలి.

షాంపూ, లోషన్ హోటల్లో ఉంటాయి. మీదే కావాలంటే 100 మిల్లీలీటర్ల సీసాల్లో. అంతర్జాతీయ ఫ్లైట్ల సెక్యూరిటీలో అంతకు మించి దాటనివ్వరు. సీసాని ముప్పాతిక వంతే నింపి, పక్కలు నొక్కి గాలి తీసేసి మూత పెట్టండి. క్యాబిన్ 8,000 అడుగుల ఎత్తుకి సమానమైన పీడనానికి వెళ్ళినప్పుడు బయటి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే నాలుగింట మూడు వంతులే ఉంటుంది, సీసాలోని గాలి మూడో వంతు పెరుగుతుంది. గాలి ఎక్కువగా ఉన్న సీసా అందుకే కారుతుంది. లేహ్ విమానాశ్రయం 10,682 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ తలుపు తీశాక ఇంకా ఉబ్బుతుంది. మూత కింద చిన్న ప్లాస్టిక్ కాగితం ముక్క పెట్టి బిగిస్తే ఏ ఊరైనా ఇబ్బంది ఉండదు. డియోడరెంట్ స్ప్రే బదులు రోల్ ఆన్. గడ్డానికి విడి బ్లేడు కాకుండా కార్ట్రిడ్జ్ రేజర్. క్రూ సామాను కూడా ఎక్స్‌రే గుండానే పోతుంది, మొనదేలిన కత్తెర, లైటరు దొరికితే అక్కడే వదిలేయాలి.

తిండి

కందిపొడి, వేయించిన అటుకులు, ఖర్జూరాలు, వేరుశనగ చిక్కీ. ఎలక్ట్రిక్ కెటిల్ దాదాపు ప్రతి హోటల్ గదిలోనూ ఉంటుంది కాబట్టి వేడినీళ్ళు పోస్తే తయారయ్యే ఉప్మా పొట్లాలు రెండు. రాత్రి పదకొండున్నరకి గదికి చేరి, కిచెన్ మూసేశారని తెలిసినప్పుడు వీటి విలువ తెలుస్తుంది. ఆవకాయ సీసా దేశీయ ట్రిప్పుకి కూడా వద్దు. నూనె ఎలా మూత పెట్టినా దారి వెతుక్కుంటుంది, తెల్ల చొక్కాలున్న పెట్టెలో ఆ సాహసం ఎందుకు? దుబాయ్ వెళ్ళేటప్పుడు గసగసాలు పడిన మసాలా పొడి కూడా సంచిలో ఉండకూడదు, అక్కడ గసగసాలు నిషిద్ధం.

సర్దే వరుస

ట్రాలీ పడుకోబెట్టి తెరిస్తే అడుగున హ్యాండిల్ గొట్టాల రెండు గట్లు, మధ్యలో ఒక లోయ కనిపిస్తాయి. చొక్కాలు నేరుగా వాటి మీద పెడితే ఆ గట్ల గీతలు వీపు మీద పడతాయి. ముందు ఆ లోయని సాక్సులు, లోదుస్తులు, చుట్టిన టీషర్టులతో గట్లకి సమానంగా నింపండి. చెప్పులు, ప్లగ్ అడాప్టర్, సబ్బుల పౌచ్ లాంటి బరువులు చక్రాల వైపు చివర పెట్టాలి. హ్యాండిల్ వైపు పెడితే నిలబెట్టగానే అన్నీ జారి కిందున్న బట్టల మీద పడతాయి.

ఇప్పుడు ప్యాంటుని ఇస్త్రీ మడత మీదే పరవండి, సగం పెట్టెలో, సగం బయట వేలాడేలా. దాని మీద థర్మల్, షార్ట్సు, సొంత ప్యాంటు మడిచి పెట్టి, బయట ఉన్న సగాన్ని వాటి మీదకి తిప్పండి. మడత దగ్గర మెత్తటి దిండు ఉన్నట్టవుతుంది, కత్తిలాంటి గీత పడదు.

చొక్కాలు ఒక్కోటి డ్రైక్లీనింగ్ వాళ్ళిచ్చే పలచని ప్లాస్టిక్ కవర్లో పెట్టాలి. ముడతలు పడేది గుడ్డ గుడ్డకి రాసుకుని ఒకచోట పట్టేయడం వల్ల. ప్లాస్టిక్ మీద జారిపోతుంది, మడత నిలవదు. బొత్తాలు పైది, మధ్యది, కిందది పెట్టి, కాలర్ లోపల చుట్టిన సాక్సు ఉంచి, ఒకదాని కాలర్ పైకి, తర్వాతి దాని కాలర్ కిందకి వచ్చేలా పేర్చండి. అన్ని కాలర్లూ ఒకే వైపుంటే ఆ వైపు గుట్టలా లేచి జిప్ నొక్కుతుంది. ఎపాలెట్లు తీసి గట్టి డబ్బాలో వేయాలి, చొక్కాకి ఉంచేస్తే వంగి మళ్ళీ నిటారు కావు. నాలుగో రోజు చొక్కా అడుగున, రేపటిది పైన. లుంగీ అన్నిటి మీద కప్పి పట్టీలు బిగించండి.

మాసిన బట్టలకి గాలాడే గుడ్డ సంచి ఒకటి. ప్లాస్టిక్ కవర్లో చెమట బట్టలు రెండు రోజులుంటే పెట్టె మొత్తానికి ఆ వాసన పడుతుంది. బయటి జేబులో మెరిసే జాకెట్ రెండోది, గొడుగు, అంతే.

విదేశీ లేఓవర్ (ఫ్లైట్ల మధ్య బస) ఉంటే ప్లగ్ అడాప్టర్ చూసుకోండి. దుబాయ్, సింగపూర్‌లలో మూడు చదరపు పిన్నులది, మన చార్జర్ నేరుగా పట్టదు. ట్రాలీకి తగిలించే చీటీ మీద ఇంటి అడ్రసు రాయకూడదు. ఇల్లు నాలుగు రోజులు ఖాళీ అని చెప్పుకున్నట్టే. పేరు, ఫోను నంబరు చాలు. హ్యాండిల్‌కి బతుకమ్మ పువ్వంత రంగున్న దారమో టేపో చుట్టండి, క్రూ బస్సులో తారుమారు అవ్వదు.

ట్రిప్పులో ఉన్నప్పుడు

గదిలోకి వెళ్ళగానే, కూర్చోకముందే, రేపటి చొక్కా ప్యాంటు హ్యాంగర్‌కి తగిలించండి. స్నానం చేసేటప్పుడు బాత్రూంలో వేలాడదీస్తే వేడినీటి ఆవిరికి చిన్న ముడతలు పోతాయి. తడి అయ్యేంత దగ్గరగా వద్దు. ఐరన్ బాక్సు అడిగితే ముందు దాని అడుగు తడిగుడ్డతో తుడవండి, ముందు వాడిన వాళ్ళ నైలాన్ మరక మీ కాలర్ మీద దిగుతుంది.

హోటల్ లాండ్రీకి ఇవ్వాలంటే ఇరవై నాలుగు గంటలకు మించిన లేఓవర్ ఉండాలి, పొద్దున్నే ఇచ్చి సాయంత్రానికి చేతికి రావాలి. ఆఖరి శుభ్రమైన చొక్కాని ఎప్పుడూ లాండ్రీకి ఇవ్వొద్దు. పికప్ ముందుకి జరిగితే చొక్కా లాండ్రీలోనే ఉండిపోతుంది. చెక్ అవుట్ దగ్గర మరిచేది ఎక్కువగా మూడే: సేఫ్‌లో పాస్‌పోర్టు, గోడ ప్లగ్గులో చార్జర్, బాత్రూం తలుపు వెనక ప్యాంటు. పాస్‌పోర్టు సేఫ్‌లో పెట్టక తప్పదనుకుంటే రేపు వేసుకునే ఒక బూటు కూడా అందులో పెట్టండి.

ట్రాలీని ఎక్కువ కాలం నిలబెట్టడానికి

రెండు నెలలకోసారి తలకిందులు చేసి చక్రాలు చూడండి. ఇరుసుకి వెంట్రుకలు, దారాలు చుట్టుకుని బిగుసుకుపోతాయి. చక్రం తిరక్కుండా ఈడ్చుకుపోతే ఒకవైపు చదునుగా అరిగి, ఆ తర్వాత ఇక ఎప్పటికీ టపటపమంటుంది. సన్నటి బ్లేడుతో ఆ దారాలు కోసి తీసేయాలి. బేరింగ్‌లో కొబ్బరినూనె పోయొద్దు, దుమ్ము పట్టి జిగురవుతుంది. గరగరమంటే మార్చేయడమే. రెండు చక్రాలూ ఒకేసారి మార్చాలి, ఒకటే మారిస్తే ట్రాలీ పక్కకి లాగుతుంది.

జిప్ బిగుసుకుంటే కొవ్వొత్తి ముక్కతో పళ్ళ మీద రుద్దండి. మూసినా వెనక విడిపోతోందంటే పళ్ళు పోలేదు, రన్నర్ వదులైంది. చిన్న పకారుతో దాని రెండు పక్కలా కొద్దికొద్దిగా నొక్కితే మళ్ళీ పట్టు వస్తుంది. గట్టిగా ఒక్కసారే నొక్కితే విరుగుతుంది. అప్పటికీ కుదరకపోతే బ్యాగులు బాగుచేసే వాళ్ళ దగ్గర రన్నర్ ఒక్కటే మార్పించండి, జిప్ మొత్తం మార్చాలని చెప్పినా ముందు ఇదే అడగండి. హ్యాండిల్ దిగకుండా ఆగిపోతే సుత్తితో కొట్టొద్దు. లోపలి లైనింగ్ జిప్ తెరిచి చూస్తే గొట్టం పక్కన ఇరుక్కున్న సాక్సో బోర్డింగ్ పాస్ ముక్కో చాలాసార్లు దొరుకుతుంది.

ఇంటికి రాగానే మాసినవి తీసి, అడుగున లోయలో ఉండేవి, సబ్బుల పౌచ్, ఓఆర్ఎస్ పొట్లాలు తిరిగి నింపి, ట్రాలీని తెరిచి ఒక రాత్రి గాలికి ఉంచండి. స్టాండ్‌బై (పిలిస్తే వెంటనే వెళ్ళాల్సిన డ్యూటీ) ఉన్న వారమైతే ఉతికిన చొక్కాలు రెండు కూడా అప్పుడే పెట్టేయాలి. ఫోను మోగాక మిగిలేది దారి సమయమే, ఔటర్ రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్ లేకపోతే.